దిగడం నేర్పిన ఆట

1987లో అమెరికాలోని స్పెక్ట్రమ్ హోలోబైట్ కంపెనీ ‘ఫాల్కన్’ అనే కంప్యూటర్ ఆటను విడుదల చేసింది. ఎఫ్-16 యుద్ధ విమానంలో కూర్చున్న పైలట్‌కు ఎదురుగా ఏమేముంటాయో ఆ అంకెలు, ముళ్ళు, దీపాలు, రాడార్ తెర అన్నీ మానిటర్ మీదికి తెచ్చి, ఇక నడుపుకో అని వదిలేసే ఆట అది. మరుసటి ఏడాది మైక్రోప్రోజ్ వాళ్ళ ‘ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్’ వచ్చింది. ఈ రెండూ ఫ్లాపీల మీద చేతులు మారుతూ మా జగిత్యాల చేరేసరికి తొంభైల దశకం మొదలైంది. అప్పటికి నేను లెక్కలు చెబుతూ, టవర్ సర్కిల్ దగ్గర చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, కొంచెం బేసిక్ నేర్పేవాళ్ళం. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ పిల్లలు బస్సుల్లో వచ్చిపోయేవాళ్ళు. సిరిసిల్ల పిల్లలు ఇక్కడే గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. పాఠం అయిపోయాక వాళ్ళను ఈ ఆటల ముందు నేనే కూర్చోబెట్టేవాడిని.

ఎందుకు కూర్చోబెట్టానో అప్పట్లో తల్లిదండ్రులకు చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లల పిల్లలు అడుగుతున్నారు. తుపాకీ ఆటలకూ దీనికీ తేడా ఏమిటని. తేడా ఉంది. ఆ రోజుల్లో దొరికిన మిగతా ఆటలన్నీ పిల్లవాడిని గెలిపించి మెప్పించడానికి తయారైనవి. ఇవి మాత్రం గాలి, బరువు, ఇంధనం ఎట్లా నడుచుకుంటాయో అట్లాగే నడుచుకున్నాయి, ఆడేవాడి ముఖం చూసి మారలేదు. చదువుకునే వయసులో ఉన్నవాళ్ళకు అటువంటి గురువు దొరకడం నేను చాలా గొప్ప సంగతిగా భావిస్తాను. నేను చూసింది, నేర్చుకున్నది అంకెలు వేసి కింద రాస్తున్నాను.

1. పైకి లేపడం ఎవరికైనా వస్తుంది

ఇంజిన్‌ను పూర్తి బలానికి తెచ్చి, బ్రేకు వదిలి, వేగం అందుకున్నాక జాయ్‌స్టిక్ మెల్లగా వెనక్కి లాగితే విమానం లేస్తుంది. మొదటి రోజు వచ్చిన పిల్లవాడు కూడా లేపుతాడు. లేపిన మరుక్షణం క్షిపణి మీట ఎక్కడుందని వెతుకుతాడు. అందుకని సెంటర్‌లో ఒక కట్టుబాటు పెట్టాను: దించడం వచ్చేదాకా ఆయుధం ముట్టకూడదు.

దించేటప్పుడు కన్ను చెప్పేది ఒకటి, చేయాల్సింది ఇంకొకటి. రన్‌వే ఇంకా దూరంగానే ఉంది, విమానం కిందికి జారిపోతోంది అనిపించగానే ఎవరైనా భయపడి ముక్కు పైకి లేపుతారు. ముక్కు లేస్తే వేగం పడిపోతుంది. వేగం పడితే రెక్కలకు గాలి మీద పట్టు తప్పి విమానం కూలుతుంది. సరైన పద్ధతి వేరు. ముక్కు కోణంతో వేగాన్ని, ఇంజిన్ బలంతో దిగే జోరును అదుపులో పెట్టాలి. ఎఫ్-16 అయితే రెక్కకూ ఎదురొచ్చే గాలికీ మధ్య కోణాన్ని 11 డిగ్రీల దగ్గర నిలిపి రన్‌వే మీదికి రావాలి, చక్రాలు నేలను తాకేటప్పుడు 13 దాకా పోవచ్చు, 15 దాటితే వెనుక భాగం నేలకు రాసుకుంటుంది. ఈ మూడు అంకెలు మా గోడ మీద సుద్దతో రాసి ఉండేవి.

మా దగ్గర అందరికంటే మెత్తగా దించింది కోరుట్లకు చెందిన ఒక బీడీ కార్మికురాలి బిడ్డ. ఆ అమ్మాయి తొందరపడేది కాదు. దూరం నుంచే సరిచూసుకునేది, చివరి నిమిషంలో దిద్దుకోవాల్సినది ఏదీ మిగలకుండా చూసుకునేది. మంచి ల్యాండింగ్ రన్‌వే మీద మొదలుకాదు, పది మైళ్ళ ముందే మొదలవుతుందని ఆమెను చూసి మిగతావాళ్ళు గ్రహించారు.

కోరుట్ల పక్క ఊళ్ళో వాయుసేన నుంచి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. విమానాలకు మరమ్మతులు చేసే పనిలో బతుకంతా గడిపారు. అందరూ సార్జెంట్ సాబ్ అనేవాళ్ళు. ఒకసారి సెంటర్‌కు వచ్చి పిల్లల ఆట చూశారు. ఎవరెన్ని కూల్చారో గోడ మీద రాసుకున్న పట్టీ ఆయన కంట పడింది. “ఎన్ని గూల్చిండ్రో ఎవలెవలో రాసుకుంటరు బిడ్డా. మేమైతే పొద్దుగాల పోయినయెన్ని, మాపటికి వచ్చినయెన్ని, గదే లెక్కవెట్టుకుంటుంటిమి” అన్నారు. ఆ మర్నాడు పిల్లలే ఆ పట్టీ చెరిపేసి, క్షేమంగా దిగినవాళ్ళ పట్టీ రాసుకున్నారు.

2. ఇంధనం లెక్క తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టాలి

జెట్ ఇంజిన్ వెనుక ఆఫ్టర్‌బర్నర్ అని ఉంటుంది. ఇంజిన్ దాటి బయటికి పోయే వేడి గాలిలోకి మళ్ళీ ఇంధనం చల్లి మండిస్తారు. బలం పెరుగుతుంది, ఇంధనం మాత్రం దానికి కొన్ని రెట్లు ఖర్చవుతుంది. పిల్లలకు ఆ జోరు ఇష్టం. లక్ష్యం దాకా ఆ జోరులోనే పోయి, పని ముగించి, వెనక్కి తిరిగి చూసుకుంటే ట్యాంకులో ఏమీ ఉండదు.

పైలట్లు బయల్దేరే ముందే ఒక అంకె నిర్ణయించుకుంటారు. దాన్ని బింగో అంటారు. ముల్లు ఆ అంకె చేరితే ఎదురుగా శత్రువు ఉన్నా, గెలుపు చేతికందేటట్టున్నా మళ్ళాల్సిందే. ఆ అంకె వేయాలంటే స్థావరం నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి: దిగడానికి ఎంత, ఒకసారి దిగడం కుదరక చుట్టు తిరగాల్సి వస్తే ఎంత, ఎదురు గాలి ఉంటే ఎంత. ఇవన్నీ తీసేశాక మిగిలేదే పోవడానికి.

మా ప్రాంతపు పిల్లలకు ఈ పాఠం చెప్పడం నాకు సులువైంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషి పోని వాడకట్టు తక్కువ. వీసాకు, టికెట్‌కు మిత్తికి తెచ్చిన పైసలెన్ని, అక్కడ చేతికొచ్చేదెంత, అప్పు తీరి ఇల్లు చేరడానికి ఎన్నేండ్లు పడుతుంది అనే లెక్క వేసుకుని పోయినవాళ్ళున్నారు, వేయకుండా పోయినవాళ్ళున్నారు. రెండు రకాల ఇండ్ల పిల్లలూ నా ముందు కూర్చున్నారు. ఇంధనం పట్టిక రాసేటప్పుడు ఒకడు తలెత్తకుండా, “మా బాపు గూడ గీ లెక్క జేస్కొనే పోవల్సుండె సార్” అన్నాడు. ఆ రోజు నేను ఇంకేమీ చెప్పలేదు, చెప్పాల్సినది వాడే చెప్పాడు.

3. పుస్తకం లేకపోతే రాసుకోండి

మైక్రోప్రోజ్ సంస్థను 1982లో సిడ్ మీయర్, బిల్ స్టీలీ కలిసి పెట్టారు. స్టీలీ స్వయంగా అమెరికా వాయుసేన పైలట్. వాళ్ళ ఆటలతో పాటు లావుపాటి పుస్తకం వచ్చేది. రాడార్ ఎట్లా పనిచేస్తుంది, క్షిపణుల్లో ఎన్ని రకాలు, ఏ విమానం బలహీనత ఏమిటి, అన్నీ అందులో ఉండేవి. మా దాకా వచ్చింది ఫ్లాపీ ఒక్కటే. పైగా ఎఫ్-19 మొదలుపెట్టగానే తెర మీద ఏదో ఒక విమానం ఆకారం చూపించి పేరు చెప్పమంటుంది. పుస్తకం కొన్నవాళ్ళకే తెలియాలని పెట్టిన తాళం అది.

మా పిల్లలు ఆ తాళం తీశారు. ఒక్కొక్క ఆకారాన్ని కాగితం మీద గీసుకుని సార్జెంట్ సాబ్ దగ్గరికి పోయారు. వాయుసేనలో నీడను చూసి విమానం పేరు చెప్పడం అందరికీ నేర్పేవారట. ఆయన ముక్కు చూసి, తోక చూసి, రెక్క విరుపు చూసి చెప్పేవారు. మిగ్-21 రెక్క త్రికోణంలా ఉంటుందని, మిగ్-23 రెక్కలు ముందుకూ వెనక్కూ జరుగుతాయని, మిగ్-29కు రెండు తోకలుంటాయని పిల్లలకు అట్లా తెలిసింది. దానితో ఆగలేదు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఒక్కొక్కటీ నొక్కి చూసి, లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళు ముందు ఆ నోట్‌బుక్ చదవాలి. ఇంగ్లీషు అంటే జంకే పిల్లలు అర్థం కాని మాట కోసం డిక్షనరీ తిరగేయడం అక్కడే మొదలుపెట్టారు. నోట్సు ఇచ్చి బట్టీ పట్టించిన ఏ పాఠమూ అంతగా ఎక్కలేదు.

4. 640 కిలోబైట్లలో సర్దుకోవడం

1991లో ఫాల్కన్ 3.0 వచ్చింది. ఆ కాలపు ఇంటి కంప్యూటర్ మీద అంతకంటే బరువైన ఆట నేను చూడలేదు. యంత్రంలో 4 మెగాబైట్ల మెమరీ ఉన్నా డాస్ ప్రోగ్రాములకు నేరుగా అందేది 640 కిలోబైట్లే. ఫాల్కన్ 3.0కు అందులో 600కు పైగా ఖాళీగా కావాలి. మౌస్ డ్రైవర్ కొంత, డిస్క్ క్యాష్ కొంత, డాస్ కొంత తినేస్తే ఆట తెరుచుకోనని మొరాయిస్తుంది.

కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ అని రెండు చిన్న ఫైళ్ళుండేవి. వాటిలో ఒక్కొక్క వరుస తీసేస్తూ, ఏది లేకుండా బతకగలం, ఏది లేకపోతే కుదరదు అని తేల్చుకోవాలి. డాస్ 5.0 వచ్చాక కొన్నిటిని పై మెమరీలోకి తోసే వీలు కలిగింది. ఏది ముందు తోయాలనే వరుస తప్పితే అన్నీ పట్టవు. పిల్లలు ఆట కోసమే విడిగా ఒక బూట్ ఫ్లాపీ తయారు చేసుకున్నారు. తర్వాత కంప్యూటర్ మరమ్మతుల్లోకి పోయి నిలదొక్కుకున్న వాళ్ళలో చాలామంది ఈ కుస్తీలో చేయి తిరిగినవాళ్ళే.

అందులో ఇంకో సంగతి. ఫాల్కన్ 3.0లో విమానం కదలికను అన్నిటికంటే నిజంగా లెక్కించే పద్ధతి ఎంచుకోవాలంటే లెక్కల కోసమే వేరుగా ఉండే 387 చిప్ కావాలి. 386 యంత్రాల్లో అది విడిగా కొని పెట్టుకోవాల్సిందే. 486 డీఎక్స్ వచ్చాక ప్రాసెసర్‌లోనే కలిసిపోయింది. నిజానికి దగ్గరగా పోయేకొద్దీ దశాంశ స్థానాలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఎండాకాలం వ్యవసాయ మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోయే మా ఊళ్ళో ఆ ఖర్చుకు స్టెబిలైజర్, యూపీఎస్ ఖర్చు కూడా కలపాలి.

5. హోదా మెట్టు మెట్టుగా ఎక్కండి

ఫాల్కన్‌లో ఆట కఠినత్వాన్ని సైనిక హోదాలతో పెట్టారు. ఫస్ట్ లెఫ్టినెంట్‌గా మొదలుపెడితే విమానం కూలదు, ఆయుధాలు అయిపోవు. కల్నల్ దగ్గరికి వచ్చేసరికి ఏ మినహాయింపూ ఉండదు. కింది మెట్టు మీద కొన్నాళ్ళు ఉండటంలో తప్పు లేదు. అక్కడే స్థిరపడి పైలట్‌నని చెప్పుకునేవాళ్ళకు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెప్పేవాడిని.

6. చూపు ఒక్కచోట ఆనించొద్దు

సిరిసిల్ల పిల్లలు ఈ ఆటలో తొందరగా రాటుదేలడం గమనించి మొదట ఆశ్చర్యపోయాను. వాళ్ళ ఇండ్లకు పోయి చూశాక ఆశ్చర్యం తీరింది. బి.వై.నగర్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డులోకి అడుగుపెడితే పక్కవాడి మాట వినిపించదు. ఆ మోతలో ఒకే కార్మికుడు ఎన్నో సాంచాలు చూసుకుంటాడు. ఒక దాంట్లో కండె అయిపోతుంది, ఇంకో దాంట్లో పోగు తెగుతుంది, వేరొక దాంట్లో బట్ట వెడల్పు తేడా వస్తుంది. దేని ముందూ నిలబడిపోడు. తిరుగుతూనే ఉంటాడు, కన్ను తిరుగుతూనే ఉంటుంది, ఏ సాంచా చప్పుడు మారినా చెవి పడుతుంది. బడి అయ్యాక నాన్నకు సాయం చేస్తూ పెరిగిన పిల్లవాడికి ఆ చూపు తెలియకుండానే అబ్బింది. విమానంలో కావాల్సింది సరిగ్గా అదే: వేగం, ఎత్తు, దిక్కు, ఇంధనం, రాడార్, మళ్ళీ వేగం. శత్రువు మీద చూపు ఆనించినవాడు నేలను గుద్దుకుంటాడు.

ముళ్ళను చూసి నడపడం ఎంత అవసరమో లోకానికి చెప్పిన యంత్రం కథ కూడా ఇక్కడ చెప్పాలి. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి ఆర్గన్ వాద్యాలు తయారు చేసే కార్ఖానా ఉండేది. ఆర్గన్‌లో గాలి పంపే తిత్తులు, కవాటాలు వాడి 1929లో ఎడ్విన్ నేల మీదే ఊగే చిన్న విమానం పెట్టె ఒకటి కట్టాడు. మొదట్లో జాతరల్లో వినోదంగానే చూశారు. 1934లో అమెరికా సైనిక పైలట్లకు తపాలా మోసే పని అప్పగిస్తే, మేఘాల్లో, రాత్రుల్లో దారి తెలియక పలువురు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ పెట్టెలు కొన్నది. మేఘంలో పడ్డ మనిషికి చెవి లోపలి తూకం అబద్ధం చెబుతుంది. వంగిపోతున్నా నిటారుగా ఉన్నాననే అనిపిస్తుంది. ముల్లు మాత్రమే నిజం చెబుతుంది. తెర మీద ఆడే ఆటలో ఒంటికి తెలిసేది ఏమీ ఉండదు కాబట్టి ముల్లును నమ్మడం తప్ప దారి లేదు. దాన్ని లోపం అన్నవాళ్ళున్నారు, నేను మేలనే అంటాను.

7. కాస్ తీటా ఎందుకని అడిగినవాడికి జవాబు

లెక్కల మాస్టారుగా నా మనసుకు దగ్గరైన పాఠం ఇది. ఇంటర్‌లో త్రికోణమితి చెప్పే ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు, ఇది దేనికి పనికొస్తుంది సార్ అని. ఆ పిల్లవాడిని విమానంలో కూర్చోబెట్టి, ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పమనేవాడిని.

మలుపు తిప్పాలంటే రెక్కలు పక్కకు వంచాలి. వంచితే రెక్కలు ఎత్తే బలంలో కొంత భాగమే పైకి పనిచేస్తుంది. బరువు మాత్రం తగ్గదు. అందుకని రెక్కలు ఎక్కువ బలం పుట్టించాలి. ఎంత ఎక్కువ? ఒకటిని వంపు కోణపు కాస్‌తో భాగించినంత. 60 డిగ్రీలు వంచితే కాస్ విలువ సగం, కాబట్టి రెండింతల బలం కావాలి. అంటే పైలట్ ఒళ్ళు రెండింతల బరువెక్కుతుంది. 75 డిగ్రీలకు అది దాదాపు నాలుగింతలు. విమానం పట్టు తప్పే వేగం ఈ అంకె వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 60 డిగ్రీల వంపులో ఆ వేగం 41 శాతం పెరుగుతుంది, 75 డిగ్రీల్లో దాదాపు రెట్టింపవుతుంది. నిటారుగా పోయేటప్పుడు హాయిగా ఎగిరిన వేగంలోనే మలుపులో ఎందుకు కూలిపోయామో పిల్లలు కాగితం మీద తేల్చుకునేవాళ్ళు. ఎఫ్-16 తొమ్మిదింతల బలాన్ని తట్టుకుంటుంది. ఆ బరువులో మనిషి మెదడుకు ఎక్కువసేపు నెత్తురు అందదు. ఫాల్కన్‌లో మలుపు మరీ బిగిస్తే తెర నల్లబడేది. అది ఆట పాడవడం కాదని, పైలట్ స్పృహ తప్పడమని అర్థమైన రోజు గదంతా నిశ్శబ్దమైపోయింది.

ఎఫ్-19లో ఇదే కాస్ ఇంకో వేషంలో ఎదురయ్యేది. డాప్లర్ రాడార్ మన వేగంలో తన వైపు వచ్చే భాగాన్ని బట్టి మనల్ని పసిగడుతుంది. ఆ భాగం వేగాన్ని కాస్ తీటాతో గుణించినంత. రాడార్‌కు అడ్డంగా, 90 డిగ్రీల్లో ఎగిరితే ఆ విలువ సున్నా. పల్స్ రాడార్‌కు మాత్రం అడ్డంగా తిరిగినప్పుడే మన పక్క భాగమంతా కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నది ఏ రాడారో తెలుసుకుని, దారి దాన్నిబట్టి గీసుకోవాలి. ఈ ఆటలు ఆడాక త్రికోణమితి ప్రశ్నలకు భయపడిన పిల్లలు నా క్లాసులో లేరు.

8. నిజంలా ఉన్నదంతా నిజం కాదు

ఎఫ్-19 అనే విమానం అసలు లేదు. అమెరికా దగ్గర రాడార్‌కు దొరకని విమానం ఉందని వదంతి, దాని ఆకారం ఊహ. నున్నటి వంపులతో ఉంటుందనుకుని ఆటలో అట్లాగే గీశారు. 1988 నవంబరులో అమెరికా రక్షణ శాఖ మొదటి ఫొటో బయటపెట్టింది. దాని పేరు ఎఫ్-117, ఒంటి నిండా పలకలు, కోణాలు. ఇంత శ్రద్ధగా తయారైన ఆటలోనూ నడుమ ఒక పెద్ద ఊహ కూర్చుని ఉంది. పాఠం చెప్పేటప్పుడు లెక్క ఎక్కడిదాకా, అంచనా ఎక్కడి నుంచి అనేది నేను విడదీసి చెప్పేవాడిని.

9. పటం మీద మనుషులుంటారు

మా వైపు మొదటి యుద్ధ విమానం ఆట నడిచింది నా సెంటర్‌లో కాదు, కోరుట్లలో ఒక ఇంట్లో. కువైట్‌లో పనిచేసే ఒకాయన సెలవుకు వస్తూ టేప్ రికార్డర్, దుప్పట్లతో పాటు ‘సఖర్’ కంప్యూటర్ తెచ్చాడు. ఎంఎస్ఎక్స్ రకానిది, కువైట్‌కు చెందిన అల్ అలమియా సంస్థ అరబ్ దేశాల్లో అమ్మినది. మీటల మీద అరబ్బీ అక్షరాలు కూడా ఉండేవి. టీవీకి తగిలించి వాడుకోవాలి. దానితో వచ్చిన కార్ట్రిడ్జ్‌ల్లో 1984 నాటి ‘ఎఫ్-16 ఫైటింగ్ ఫాల్కన్’ ఒకటి. దాన్ని తయారు చేసిన నెక్సా సంస్థ గిల్మన్ లూయీది. తర్వాత స్పెక్ట్రమ్ హోలోబైట్‌లో ఫాల్కన్ ఆటల వరుసను నడిపించింది కూడా ఆయనే. వాడకట్టు పిల్లలంతా ఆ టీవీ ముందు చేరేవాళ్ళు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా ఊళ్ళలో రేడియోల ముందు నుంచి ఆడవాళ్ళు కదల్లేదు. ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోన్లు లేవు. కువైట్ నుంచి బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి వచ్చినవాళ్ళు లక్షకు పైగా ఉన్నారు. అక్టోబరు దాకా ఆ విమానాలు తిరిగాయి. చేతిలో ఒక్క సంచితో దిగినవాళ్ళు మా జిల్లా ఊళ్ళలో ఎందరో. 1991 జనవరి 17న బాంబు దాడులు మొదలయ్యాయి. ఆ యుద్ధంలో అన్ని రకాలకంటే ఎక్కువసార్లు ఎగిరింది ఎఫ్-16లే.

అదే 1991లో వచ్చిన ఫాల్కన్ 3.0లో పోరాటానికి ఇచ్చిన మూడు ప్రాంతాల్లో కువైట్ ఒకటి. అమెరికాలో ఆడే పిల్లవాడికి అది వార్తల్లో చూసిన ఎడారి. నా ముందు కూర్చున్న కోరుట్ల పిల్లవాడికి అది తండ్రి చిరునామా. పటం తెరుచుకోగానే వాడు జాయ్‌స్టిక్ వదిలేసి తెర మీద వేలు పెట్టాడు. “సార్, గీ తొవ్వల్నే మా బాపు బస్సుల అచ్చిండు” అన్నాడు. ఆ దారి మీద ఒక వంతెనను పడగొట్టమని ఆ రోజు ఆట ఇచ్చిన పని.

నేను ఆట ఆపలేదు. ఆపితే ఆ పటం వాళ్ళ కళ్ళ ముందు నుంచి పోతుంది గానీ లోకంలోంచి పోదు. ఆ రోజు నుంచి ఏ లక్ష్యం ఎంచుకున్నా ముందు అట్లాస్ తెరవమన్నాను. ఆ ఊరు ఏది, అక్కడ ఎవరుంటారు, ఏ పని చేస్తారు, మన ఊరి వాళ్ళెవరైనా ఉన్నారా అనేది నిలబడి చెప్పాకే కూర్చోవాలి. అబాదాన్, బస్రా, ట్రిపోలీ ఎక్కడున్నాయో పిల్లలకు అట్లా తెలిసింది. ఎఫ్-19లో ఒక మంచి ఏర్పాటుంది. యుద్ధం లేని కాలంలో పోయినప్పుడు చెప్పిన లక్ష్యం తప్ప వేరొకటి ముడితే తిరిగొచ్చాక మెచ్చుకోలు ఉండదు, చీవాట్లే. ఆ ఏర్పాటును నేను ఎంతో గౌరవిస్తాను. కానీ ఆ ఆటలన్నిటిలోనూ ఊళ్ళంటే కొన్ని పెట్టెలు, మనుషులు లేరు. గాలినీ బరువునూ అంత నిజంగా చూపినవాళ్ళు చూపించలేకపోయింది అదే. ఆ లోటు పూడ్చడం పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ పని. ఆట కొనిచ్చి గది తలుపు వేసి వెళ్ళే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

10. తెర నుంచి ఆకాశానికి దారి సన్నది, అయినా ఉంది

హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉంది. హకీంపేటలో ఫైటర్ పైలట్లకు కిరణ్ జెట్ల మీద శిక్షణ ఇచ్చేవారు. ఇంత దగ్గర్లో ఉందని మా పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలిశాక కొందరు పరీక్షలు రాశారు. సిరిసిల్ల పిల్లవాడు ఒకడు చూపు పరీక్షలో ఆగిపోయాడు. వాడు ఇప్పుడు మగ్గాల ఎలక్ట్రానిక్ జకార్డ్‌లు బాగుచేస్తాడు. ఏ బోర్డు ఎక్కడ చెడిందో వరుసగా ముళ్ళు చూసుకుంటూ పోయే పద్ధతి వాడిది.

మెత్తగా దించే ఆ అమ్మాయి ఒకరోజు అడిగింది, “సార్, ఆడివిల్లలను ఫైటర్‌ల కూసోనిస్తరా?” అని. ఆ కాలంలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు, అదే చెప్పాను. 2016 జూన్ 18న అదే దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ మన దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా పట్టా అందుకున్నారు. ఆ అమ్మాయి అప్పటికే లెక్కల టీచర్. ఫోన్ చేసి, “మా బడి పిల్లలకు చెప్పిన సార్” అన్నది.

పైలట్ కాకపోయినా ఈ రంగంలో పని ఉంది. సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు తయారు చేసే జెన్ టెక్నాలజీస్ 1993లో హైదరాబాద్‌లోనే మొదలైంది. లెక్కలు, భౌతిక శాస్త్రం, ప్రోగ్రామింగ్ మూడూ కలిసే చోటు అది. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలు దీని గురించి ఆలోచించాలని నా కోరిక.

11. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకు

పాత ఆటలు చూడాలనుకుంటే డాస్‌బాక్స్ ఉంది, నేటి కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి. 1998లో వచ్చిన ఫాల్కన్ 4.0ను అభిమానులే ‘బీఎంఎస్’ పేరుతో ఈనాటి దాకా మెరుగుపరుస్తున్నారు. దానికి అసలు ఆట కొనుక్కుని ఉండాలి. డబ్బు పెట్టలేనివాళ్ళకు ఫ్లైట్‌గేర్ ఉచితంగా దొరుకుతుంది, దాని ప్రోగ్రామ్ కూడా తెరిచి చదువుకోవచ్చు.

మొదటి నెల జెట్ జోలికి పోవద్దు. సెస్నా 172 తీసుకోండి. వెయ్యి అడుగులు ఎక్కండి. రన్‌వేకు సమాంతరంగా పోయి, రెండు మలుపులు తిరిగి, దిగండి. దిగేటప్పుడు వేగం 65 నాట్ల దగ్గర నిలపండి. ప్రతిసారీ ఎక్కడ తాకారో, ఎంత జోరుతో తాకారో నోట్‌బుక్‌లో రాయండి. గాలి లేకుండా నాలుగు రోజులు, ఎదురు గాలితో నాలుగు రోజులు, పక్క గాలితో ఓపిక ఉన్నన్నాళ్ళు. పక్క గాలి ఎంత భాగం మీ మీద పనిచేస్తుందో ముందుగా కాగితం మీద లెక్క వేసుకోండి, అది సైన్ తీటా. లెక్క కుదరకపోతే నోట్‌బుక్ పట్టుకుని రండి. సాయంత్రం ఐదు దాటాక ఇంట్లోనే ఉంటాను.